బయట పడుకునే కుక్కకి నాలుగు కోళ్ళ మంచం

సంపాదకులు గారికి నమస్కారం.

మీ పత్రికలో పెంపుడు జంతువుల గురించి ఏది వచ్చినా వదలకుండా చదువుతాను. తిండి, టీకాలు, స్నానం, గోళ్ళు కత్తిరించడం ఇవన్నీ బాగానే రాస్తున్నారు. కానీ కుక్క ఎక్కడ పడుకోవాలి అన్న దగ్గరికి వచ్చేసరికి ఒక గుండ్రటి మెత్తటి పరుపు ఫొటో వేసి వదిలేస్తున్నారు. అది ఇంట్లో పడుకునే కుక్కకి సరిపోతుంది. పెరట్లోనో వరండాలోనో గేటు దగ్గరో రాత్రంతా ఉండే కుక్కకి ఆ పరుపు వారం తిరక్కుండానే తడిసిన చెత్త అవుతుంది. అలాంటి కుక్కకి కావాల్సింది నాలుగు కోళ్ళ మీద, అంటే కాళ్ళ మీద, నేలకి ఎడంగా, కింద గాలి ఆడేలా, గుడ్డ బిగించిన చిన్న మంచం. రంపం పట్టడం వచ్చిన ఎవరైనా ఒకటి రెండు సెలవు రోజుల్లో చేసుకోవచ్చు. నేను రెండు చేశాను. మొదటిది చెడింది, రెండోది నిలిచింది. ఆ రెండింటి సంగతీ రాస్తాను, కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మా కుక్క పేరు చుక్క. తొమ్మిదేళ్ళు, 26 కిలోలు. ఇంట్లోకి పిలిచినా ఉండదు, తలుపు దగ్గర నిలబడి బయటికి పంపేదాకా మూలుగుతుంది, బయట సిమెంటు గచ్చు మీదే దాని నిద్ర. ఒకరోజు ఒళ్ళు తుడుస్తుంటే ఎడమ మోచేతి దగ్గర చెయ్యి ఆగింది. అక్కడ జుట్టు ఎప్పుడో ఊడిపోయింది, చర్మం మందంగా, నల్లగా, గరుగ్గా తయారైంది, అది మాకు తెలుసు. ఇప్పుడు దాని కింద నిమ్మకాయంత బుడగ. వేలితో తాకితే నీళ్ళు నింపిన సంచిలా అటూ ఇటూ కదిలింది. చుక్క మాత్రం నొప్పి ఉన్నట్టు చెయ్యి వెనక్కి లాక్కోలేదు, నా మొహంలోకి చూసి ఊరుకుంది.

పశువుల డాక్టరు చూసి దీన్ని హైగ్రోమా అంటారని చెప్పారు. బరువైన కుక్కలు గట్టి నేల మీద దబ్బున కూలబడినప్పుడల్లా మోచేతి ఎముకకీ నేలకీ మధ్య చర్మం నలుగుతుంది, అలా నలిగి నలిగి అక్కడ నీరు చేరుతుందట. సూదితో లాగేస్తే పోతుందేమో అని అడిగాను. మళ్ళీ చేరుతుంది, పైగా చీము పట్టే ప్రమాదం ఉంది, ముందు అది పడుకునే చోటు మార్చండి అన్నారు. అంతే, మందు కూడా రాయలేదు.

సరే అని ముందు గోనెపట్టాలు మడతపెట్టి వేశాను. కింద తేమ పట్టి రెండు రోజులకే వాసన. తర్వాత స్పాంజి పరుపు. ఒక్క వాన జల్లుకి తడిసింది, పైగుడ్డ మధ్యాహ్నానికి ఆరినట్టే ఉంది గానీ లోపల చెయ్యి పెట్టి నొక్కితే మూడో రోజు కూడా నీళ్ళు వచ్చాయి. చుక్క దాన్ని వాసన చూసి, పక్కనే ఉన్న గచ్చు మీద పడుకుంది. ఎండ రోజుల్లో అయితే పరుపు పొడిగా ఉన్నా ఎక్కేది కాదు. నాకు అప్పుడు అర్థం కాలేదు, తర్వాత అర్థమైంది. కుక్కకి మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు, అరికాళ్ళ దగ్గర మాత్రం కాస్త పడుతుంది. ఒంటి వేడి పోవాలంటే నాలుక బయటపెట్టి రొప్పాలి, లేదంటే జుట్టు పలచగా ఉన్న పొట్టని చల్లటి నేలకి ఆనించాలి. మండుటెండలో అవి మట్టి తవ్వుకుని ఆ గుంటలో పడుకునేది అందుకే. దాని ఒంటి వేడి మామూలుగానే 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది, 41 దాటిందంటే ప్రాణం మీదికి వచ్చినట్టే. అలాంటి జీవికి దళసరి స్పాంజి పరుస్తే పొట్ట కింద వేడిని మూట కట్టి ఇచ్చినట్టు. బిగించిన గుడ్డ ఒకేసారి రెండు పనులు చేస్తుంది, మోచేతికి గట్టిగా తగలదు, పొట్ట కింద గాలి ఆడనిస్తుంది.

ఇక మొదటి మంచం. చట్రం చేసి, మీద గోనెగుడ్డ పరిచి, చుట్టూ స్టేపుల్ గన్‌తో పిన్నులు కొట్టాను. చూడ్డానికి ముచ్చటగా ఉంది. వారానికల్లా కుక్కిమంచం అయిపోయింది, చుక్క పడుకుంటే నడుము వెళ్ళి నేలకి ఆనేది, ఇక మంచం ఉండీ లేనట్టే. అంతకన్నా పెద్ద తప్పు ఆ పిన్నులు. బరువు పడ్డప్పుడల్లా గుడ్డ లాగి ఒక్కొక్కటే పైకి లేచాయి. ఒక ఉదయం చూస్తే ఒక మూల మూడు పిన్నులు లేవు, రెండు కింద దొరికాయి, మూడోది ఎంత వెతికినా కనబడలేదు. అది మింగిందేమో అని ఒకటే టెన్షన్. ఎక్స్‌రే తీయించి, ఏమీ లేదని చెప్పేదాకా మాకు కాలూ చెయ్యీ ఆడలేదు. మూడో పిన్ను నాలుగు రోజుల తర్వాత చీపురుకి తగిలింది. అందుకని చెబుతున్నాను, కుక్క పడుకునే దాని మీద పైవైపు పిన్నులూ చిన్న మేకులూ పెట్టకండి. జింకు పూత పూసిన నట్టులూ వాషర్లూ కూడా వదులుగా ఉండకూడదు. కుక్క జింకు మింగితే రక్తంలో ఎర్ర కణాలు విరిగిపోతాయి, అది చిన్న జబ్బు కాదు.

రెండోసారి తొందరపడకుండా కొలతల దగ్గర మొదలుపెట్టాను. చాలామంది కుక్కని నిలబెట్టి కొలుస్తారు, దాంతో మంచం చిన్నదవుతుంది. అది ఆదమరచి, పక్కకి ఒరిగి, కాళ్ళు బారచాపి నిద్రపోతున్నప్పుడు కొలవాలి. ముక్కు కొస నుంచి తోక మొదలు దాకా ఒక కొలత, వీపు నుంచి చాపిన పాదాల దాకా ఇంకో కొలత. చుక్కకి 88, 60 సెంటీమీటర్లు వచ్చాయి. రెండింటికీ 15 చొప్పున కలిపి, కొంచెం సర్ది, 105 పొడుగు, 75 వెడల్పు పెట్టాను. నేల నుంచి గుడ్డ దాకా ఎత్తు 18. ఇంతకన్నా ఎత్తు ఎందుకు పెట్టలేదంటే దానికి వయసు పైబడింది, ఎగిరి ఎక్కాల్సిన పని ఉండకూడదు. కీళ్ళ నొప్పులున్న ముసలి కుక్కకైతే 10 చాలు, కింద గాలి ఆడి, చీపురు దూరితే అదే సరిపోయే ఎత్తు.

పట్టెలకి, అంటే చట్రం నాలుగు పక్కల కర్రలకి, 4 సెంటీమీటర్ల మందం, 7 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న కర్ర తీసుకుని నిలువుగా నిలబెట్టి వాడాను. కోళ్ళు 5 సెంటీమీటర్ల చదరం, ఒక్కోటి 16 పొడుగు. కోడు చట్రం లోపలి మూలలో ఉండాలి, రెండు పట్టెల నుంచీ స్క్రూలు దానిలోకి దిగాలి, ఒక్కో పట్టె నుంచి రెండేసి, ఒకదానికొకటి తగలకుండా కాస్త ఎగుడు దిగుడుగా. కోడు తల పట్టె పై అంచుకి 2 సెంటీమీటర్లు కిందికి ఉండేలా చూసుకోండి. సమానంగా పెడితే మూలలో గుడ్డ కింద గట్టి ముద్దలా తగులుతుంది, కుక్క సరిగ్గా ఆ మూలే తల పెట్టుకుంటుంది. స్క్రూ దించే ముందు సన్నటి బెజ్జం వేయకపోతే కర్ర చివర చీలుతుంది, నాకు ఒక పట్టె అలాగే పోయింది. స్క్రూలన్నీ పూర్తిగా బిగించక ముందు ఎదురెదురు మూలల మధ్య దూరం ఐమూలగా రెండు వైపులా కొలవండి, రెండూ ఒకటే వస్తే చట్రం మూలమట్టంగా ఉన్నట్టు, తేడా వస్తే ఇప్పుడే ఒక మూల పట్టి నెట్టి సరిచేయాలి. తర్వాత చేద్దామంటే కుదరదు. కోళ్ళు నాలుగూ నేలకి సమానంగా ఆనకపోతే మంచం మూడు కాళ్ళ మీద నిలబడి ఊగుతుంది. ఊగే మంచాన్ని కుక్క నమ్మదు. ఒకసారి కాలు కింద కదిలిందంటే వారం రోజులు దాని వైపు చూడదు.

చాలామంది వదిలేసేది ఇంకొకటి ఉంది. గుడ్డ బిగించాక పొడుగు పట్టెలు రెండూ లోపలికి వంగుతాయి. గుడ్డ లాగే బలం కుక్క బరువు కన్నా ఎక్కువే ఉంటుంది. అందుకని నడుమ ఒక అడ్డకర్ర ఉండాలి. దాన్ని పట్టెల మధ్య ఇరికించకుండా పట్టెల అడుగు అంచుకి కింది నుంచి బిగించండి. అప్పుడు గుడ్డకీ అడ్డకర్రకీ మధ్య 7 సెంటీమీటర్లు ఖాళీ ఉంటుంది, కుక్క పడుకుని గుడ్డ దిగినా వెన్నెముకకి ఏమీ తగలదు.

కర్ర ఏదైనా ఫర్వాలేదు గానీ ఎక్కడిదో తెలిసి ఉండాలి, ఎందుకంటే కుక్క దాన్ని కొరుకుతుంది, కనీసం నాకుతుంది. పాత తలుపులూ కిటికీల చెక్క అయితే పాత రంగులో సీసం ఉండొచ్చు. పాత కంచెలకీ బయటి స్తంభాలకీ వాడిన కొన్ని రకాల చెక్కకి చెద పట్టకుండా ఆర్సెనిక్ కలిసిన మందు పట్టించి ఉంటుంది, ఆకుపచ్చ ఛాయ కనబడితే వద్దు. సరుకు ఎగుమతికి వాడే చెక్క పెట్టెలు, ప్యాలెట్లు తెచ్చుకునేవాళ్ళు వాటి మీద ముద్ర చూడండి. హెచ్.టి. అని ఉంటే వేడితో శుద్ధి చేసినది, వాడుకోవచ్చు. ఎం.బి. అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విష వాయువు పట్టించినది, దాని జోలికి పోవద్దు. వాడేసిన ఇంజన్ ఆయిల్ రాస్తే చెద రాదని ఎవరైనా చెప్పినా కుక్క మంచానికి మాత్రం రాయకండి. నేను అవిసెనూనె రాసి, పది రోజులు ఆరబెట్టాను. ఆ నూనె తుడిచిన గుడ్డల్ని ఉండ చుట్టి మూలన పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి, విప్పి తీగ మీద ఆరేయాలి. అంచులన్నీ ఉప్పుకాగితంతో గుండ్రంగా అయ్యేదాకా రుద్దండి, అరచేత్తో అటూ ఇటూ నిమిరితే ఒక్క పేడు గుచ్చుకోకూడదు.

గుడ్డ దగ్గర నేను చాలా తిప్పలు పడ్డాను. గోనె నీళ్ళు పీల్చి కుళ్ళుతుంది. టార్పాలిన్ మీద నీళ్ళు నిలుస్తాయి, ఎండకి కాలి ఒంటికి అంటుకుంటుంది, గాలి పోదు. పలచటి షేడ్ నెట్‌లో గోళ్ళు చిక్కుకుంటాయి, ముఖ్యంగా ముందరి కాలి లోపలివైపు పైన ఉండే ఆ ఒంటరి గోరు. అది చిక్కి, కుక్క భయపడి లాగితే గోరు మొదలంటా ఊడొస్తుంది. దళసరి కాన్వాసు మంచిదే, కాకపోతే తడిస్తే ఆరడానికి టైము పడుతుంది. చివరికి బయట వేసే కుర్చీలకి వాడే పీవీసీ పూత ఉన్న జాలీగుడ్డ కుదిరింది. రంధ్రాలు గోరు దూరనంత సన్నగా ఉంటాయి, నీళ్ళు పోస్తే కిందికి కారిపోతాయి, గంటలో ఆరుతుంది. ముదురు రంగు వద్దు, ఎండ తగిలితే ఒళ్ళు చురుక్కుమంటుంది.

ఈసారి పిన్నులు లేవు. గుడ్డని నాలుగు వైపులా 15 సెంటీమీటర్లు ఎక్కువ ఉంచి, అంచు రెండు మడతలు వేసి కుట్టించి, పది సెంటీమీటర్లకి ఒకటి చొప్పున స్టీలు రింగులు కొట్టించాను. గుడ్డ పట్టెల మీదుగా కిందికి తిరుగుతుంది, అడుగున తాడు ఒక వైపు రింగు నుంచి ఎదుటి వైపు రింగుకి, మళ్ళీ ఇటు, బూట్ల లేసు కట్టినట్టు. కోళ్ళ దగ్గరా అడ్డకర్ర దగ్గరా గుడ్డ అడ్డు రాకుండా కత్తిరించి, ఆ అంచులు కూడా కుట్టించాలి. ముందు వెడల్పు వైపు, తర్వాత పొడుగు వైపు బిగించండి, ఒకేసారి లాగొద్దు, నడుమ మొదలుపెట్టి చివరలకి పోతూ రెండు మూడు విడతల్లో. వేలితో కొడితే టప్‌మని మోగాలి. మొదటి వారం గుడ్డా తాడూ రెండూ సాగుతాయి, అప్పుడు ఇంకోసారి బిగిస్తే చాలా రోజులు నిలుస్తుంది. తాడు కొసలు అడుగున లోపలికి ముడేసి దోపేయాలి, వేలాడితే కొరికి తింటుంది. కుక్కని ఎక్కించే ముందు దాని బరువుకి రెండింతలు ఇసుక సంచులు ఒక రాత్రి ఉంచి చూశాను, ఎందుకంటే కుక్క ఒక్కోసారి ఎగిరి దూకుతుంది, అప్పుడు పడే భారం వేరు.

పీవీసీ పైపులతో చేసేవాళ్ళూ ఉన్నారు. చిన్న కుక్కకి బాగుంటుంది, తేలిక, కడగడం సులువు. ఎండలో ఉంచితే కొన్నాళ్ళకి పెళుసెక్కి పగులుతుంది, అతికించిన జిగురు వాసన పూర్తిగా పోయేదాకా కుక్కని దగ్గరికి రానివ్వకూడదు. చుక్క బరువుకి నేను సాహసించలేదు.

కోళ్ళ అడుగున రబ్బరు తొడుగులు వేసి, మట్టి ఉన్న చోటైతే కింద ఒక్కో పలకరాయి పెట్టండి. కర్ర అడ్డంగా కోసిన మొహం నుంచే ఎక్కువగా నీళ్ళు పీలుస్తుంది, అది తడి మట్టిలో నిలబడితే ముందు అక్కడే పుచ్చుతుంది. ఇంకో మాట, కుక్కని మంచం కోడుకి కట్టకండి. గొలుసుతో కట్టే కుక్కకి కూడా మంచం చుట్టూ గొలుసు తిరిగి చిక్కుపడే చోట వేయకండి, మెడ బిగుసుకుంటుంది.

మంచం ఎంత బాగా చేసినా తప్పు చోట వేస్తే పనికిరాదు. నేను ఒక రోజంతా, పొద్దున్నుంచి సాయంత్రం దాకా, గంటకోసారి బయటికి వచ్చి నీడ ఎక్కడిదాకా ఉందో సుద్దముక్కతో గీత గీశాను. పొద్దున చల్లగా ఉన్న మూలే మూడు గంటలకి మండిపోతోంది. గీతలన్నీ కలిసిన చోటు ఒకటి దొరికింది, అక్కడ వేశాను. పైన రేకు వేసేవాళ్ళు దాన్ని కుక్క తలకి మరీ దగ్గరగా దించొద్దు, కాగిన రేకు కింద అది పొయ్యిలో ఉన్నట్టే, పక్కలు తెరిచే ఉంచాలి. పగ్, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకి రొప్పడమే సరిగ్గా చేతకాదు, వాటిని ఎండ రోజుల్లో మంచం ఉంది కదా అని బయట వదిలేయకండి.

చలికాలం సంగతి వేరు. కింద నుంచి గాలి పోవడం ఎండాకాలంలో మేలు, చలిలో అదే గాలి ఒంటి వేడిని లాగేస్తుంది. అప్పుడు గుడ్డ మీద దళసరి దుప్పటి వేసి, మూడు వైపులా గాలి తగలకుండా పరదా కడతాను. దుప్పటి తడిస్తే వెంటనే మారుస్తాను. మరీ చలిగా ఉన్న రాత్రి మాత్రం, మూలిగినా సరే, లోపలికి తెచ్చేస్తాను.

మంచం ఉంటే గోమార్లు, అంటే రక్తం పీల్చే పిడుదులు, పట్టవు అని కొందరు అంటారు. అది నిజం కాదు. కుక్కలకి ఎక్కువగా పట్టే గోధుమరంగు గోమారు గోడలు కూడా ఎక్కుతుంది, సందుల్లో దాక్కుని వేలల్లో గుడ్లు పెడుతుంది. మంచం వల్ల లాభం ఏంటంటే వెతకడం సులువు. నెలకి రెండుసార్లు తాడు విప్పి, గుడ్డ ఉతికి, చట్రం తిరగేసి కోళ్ళ దగ్గర సందులన్నీ చూస్తాను, వేడినీళ్ళు పోసి కడుగుతాను. కీళ్ళ దగ్గర ఖాళీలుంటే ముందే పూడ్చేయండి.

చుక్క మంచం ఎక్కడానికి పదకొండు రోజులు పట్టింది. ఎత్తి దాని మీద కూర్చోబెట్టాలని ఎంత అనిపించినా ఆ పని చేయలేదు. కోళ్ళు విప్పేసి చట్రం మాత్రం నేల మీద పెట్టి, దాని పాత గోనెముక్క ఉతక్కుండా మీద పరిచాను. మొదటి రెండు రోజులు చుట్టూ తిరిగింది. మూడో రోజు ముందు కాళ్ళు రెండూ పెట్టి, గోళ్ళు తగిలి గుడ్డ చేసిన చప్పుడుకి చెవులు వెనక్కి పెట్టి దిగిపోయింది. అయిదో రోజు రాత్రి టార్చి వేసి చూస్తే నడుమ ముడుచుకుని పడుకుని ఉంది. కోళ్ళు బిగించాక మళ్ళీ రెండు మూడు రోజులు అనుమానంగా చూసింది, ఆ తర్వాత ఒక మధ్యాహ్నం దానంతట అదే ఎక్కి, మూడు చుట్లు తిరిగి, మోచేతులు దబ్బున ఆనించి కూలబడింది. గుడ్డ కిందికి దిగి మళ్ళీ మెల్లగా పైకి లేచింది. ఆ చప్పుడు గచ్చు మీద వినే చప్పుడు కాదు. నాకు కళ్ళు చెమర్చాయి, దాచుకోవాల్సిన పనేముంది.

ఇప్పటికి నాలుగు నెలలు. బుడగ మెల్లగా కుదించుకుపోయి, ఇప్పుడు వేలితో వెతికితే గానీ తెలియడం లేదు. నల్లబడ్డ చర్మం అలాగే ఉంది, అది పోదని డాక్టరు ముందే చెప్పారు.

ఈ ఉత్తరంతో పాటు చేత్తో గీసిన బొమ్మ పంపుతున్నాను, కొలతలన్నీ దాని మీదే రాశాను. ఆదివారం పేజీలో చోటుంటే బొమ్మ వేయండి. చోటు చాలకపోతే ఉత్తరంలో మిగతాదంతా తీసేసినా సరే, పిన్నుల సంగతీ నిద్రలో కొలవాలన్న మాటా మాత్రం ఉంచండి. మీ డాక్టర్ల శీర్షికలో ఎవరైనా ఈ మోచేతి బుడగ గురించి నాలుగు మాటలు రాస్తే, మొదట జుట్టు ఊడినప్పుడే గుర్తుపట్టేవాళ్ళు ఉంటారు. నేను ఆ జుట్టు ఊడటం ఏడాది పాటు చూస్తూ ఊరుకున్నాను.

ఇట్లు,
చుక్కని పెంచుకుంటున్న మీ పాత పాఠకురాలు